వాచకంలో వెలివాడ గొంతు: పాఠశాల తెలుగు బోధనలో అస్తిత్వ సాహిత్యపు ఆవశ్యకత

వ్యాససంగ్రహం:

కులవివక్షను సూటిగా చెప్పే తెలుగు రచనలు విశ్వవిద్యాలయ పరిశోధనలో స్థిరపడి మూడు దశాబ్దాలు కావస్తోంది. పాఠశాల వాచకంలో మాత్రం అవమానం గురించి సంస్కర్త పలికిన మాటకు దొరికినంత చోటు, అవమానం పొందిన మనిషి పలికిన మాటకు దొరకలేదు. తెలంగాణ పదవ తరగతి వాచకంలోని ‘భాగ్యోదయం’ పాఠాన్ని, ఆ పాఠానికి నాయకుడైన భాగ్యరెడ్డివర్మ స్వయంగా రాసిన ‘వెట్టిమాదిగ’ను ఎదురెదురుగా నిలిపి ఈ వ్యాసం ఆ తేడాను పరిశీలిస్తుంది. జాతివివక్షా సాహిత్యంతో కులవివక్షా సాహిత్యానికి గల పోలికను, దాని పరిమితిని గుర్తిస్తుంది. ఇటువంటి రచనలను బడిలో చెప్పడంపై వచ్చే అభ్యంతరాలను చర్చించి, బోధనకు అనువైన క్రమాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: పాఠ్యపుస్తకం, కులవివక్ష, జాతివివక్ష, అస్తిత్వ సాహిత్యం, గబ్బిలం, వెట్టిమాదిగ, తెలుగు బోధన.

1. ఉపోద్ఘాతం:

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలోని మంఖాల్ హైదరాబాద్ విమానాశ్రయానికి పొరుగున ఉన్న ఊరు. 2008 మార్చిలో శంషాబాద్ వద్ద విమానాశ్రయం మొదలైన తరువాత ఈ చుట్టుపక్కల బతుకు వేగంగా మారింది. సాగుభూములు ప్లాట్లయ్యాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. గోదాములు, కర్మాగారాలు వెలిశాయి. పని వెతుక్కుంటూ ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి కుటుంబాలు వచ్చి చేరాయి. ఇటువంటి ఊరి ప్రభుత్వ పాఠశాలలో స్థానిక రైతుకూలీల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తెలుగును బడిలోనే మొదటిసారి వినే వలస కార్మికుల పిల్లలు ఒకే వరుసలో కూర్చునే అవకాశం ఉంది. ఎవరి ఇంటిపేరు వారిది, ఎవరి వాడ వారిది, ఎవరి తిండి వారిది. వారందరి ముందు ఉమ్మడిగా తెరుచుకునే పుస్తకం తెలుగు వాచకం.

ఆ వాచకం ఎవరి గొంతుతో మాట్లాడుతోందన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న. పాఠ్యపుస్తకాలు కులాన్ని పూర్తిగా దాటవేస్తున్నాయని చెప్పడం సరికాదు. అంటరానితనం తప్పని, మనుషులంతా సమానమని అవి చెబుతూనే ఉన్నాయి. రాజ్యాంగంలోని 17వ అధికరణాన్ని సాంఘికశాస్త్రం వివరిస్తూనే ఉంది. అయితే నీతిగా చెప్పిన సమానత్వానికి, అనుభవంగా చెప్పిన అసమానతకు మధ్య చాలా దూరం ఉంది. మొదటిది ప్రథమపురుషలో నడుస్తుంది. రెండవది ఉత్తమపురుషలో మాట్లాడుతుంది. ‘వారిని గౌరవించాలి’ అన్న వాక్యంలో ‘వారు’ ఎప్పటికీ తరగతి గదికి బయటే ఉంటారు. తెలుగు వాచకం దాటవలసిన గడప ఈ పురుషభేదంలోనే ఉంది.

2. జాతివివక్ష, కులవివక్ష - పోలిక, పరిమితి:

‘జాతివివక్ష’ అనే మాట తెలుగు విద్యార్థికి సాధారణంగా అమెరికా, దక్షిణాఫ్రికాల సందర్భంలో పరిచయమవుతుంది. అది దూరదేశపు దోషంగా, ముగిసిపోయిన చరిత్రగా మనసులో నిలుస్తుంది. తెలుగు రచయితలు మాత్రం ఆ దోషాన్ని సొంత వాకిలితో పోల్చి చూడటం నూరేళ్ల కిందటే మొదలైంది. సహాయనిరాకరణోద్యమ కాలంలో గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అనే పాట రాసి కారాగారానికి వెళ్లాడు. దానికి ప్రతిగా రాజమండ్రికి చెందిన దళితకవి కుసుమ ధర్మన్న 1921లో ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశాడు. ఒక్క విశేషణం మార్పుతో ధర్మన్న చేసిన వాదం చాలా లోతైనది. పెత్తనానికి చర్మపు రంగు ఒక గుర్తు మాత్రమేనని, పుట్టుకను బట్టి మనిషి స్థానాన్ని నిర్ణయించే పద్ధతి సొంత ఊరిలోనే కొనసాగుతోందని ఆ శీర్షికే చెప్పింది. జాతీయోద్యమ సాహిత్యాన్ని బోధించేటప్పుడు మొదటి పాటను మాత్రమే ప్రస్తావించి రెండవదాన్ని వదిలేస్తే విద్యార్థికి చరిత్రలో సగమే అందుతుంది.

అమెరికన్ నల్లజాతి సాహిత్యాన్ని తెలుగు పాఠకులు సొంతం చేసుకున్న తీరు కూడా గమనించదగినది. 1976లో వెలువడిన అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆ పుస్తకానికి తెలుగునాట లభించిన ఆదరణను కేవలం అనువాద సౌలభ్యంతో వివరించలేం. బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే తన పేరును వదులుకోవడానికి నిరాకరించే ఘట్టం, పేరు చెప్పగానే ఎదుటివారి చూపు మారిపోయే అనుభవం ఉన్న పాఠకునికి పరాయిదిగా తోచదు.

ఈ పోలికకు హద్దు కూడా ఉంది. కులాన్ని జాతి విభజనగా వివరించడాన్ని అంబేడ్కర్ 1936 నాటి ‘కులనిర్మూలన’లో తిరస్కరించాడు. 2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్షా వ్యతిరేక ప్రపంచ సదస్సులో కులాన్ని చేర్చాలని దళిత సంఘాలు పట్టుబట్టగా, రెండూ ఒకటి కావన్న వైఖరిని భారత ప్రభుత్వం తీసుకుంది. జాతివివక్షకు కనిపించే రంగు ఆధారం. కులవివక్షకు ఇంటిపేరు, వాడ, వృత్తి, తిండి వంటి వినిపించే, వెతికి పట్టుకునే గుర్తులు ఆధారం. కాబట్టి కులసాహిత్య బోధనకు జాతిసాహిత్యం ప్రత్యామ్నాయం కాదు. నల్లజాతి వేదన చదివి కన్నీరు పెట్టుకున్న విద్యార్థి తన ఊరి వెలివాడను గమనించకుండా ఉండగలడు. దూరపు దుఃఖం పాఠకునిపై ఏ బాధ్యతనూ మోపదు.

పోలిక ఉపయోగపడే చోటు మరొకటి ఉంది. పన్నెండవ తరగతి కోసం ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ఆంగ్ల ఉపవాచకం ‘విస్టాస్’లో ‘మెమరీస్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ అనే పాఠం ఉంది. అందులో అమెరికా ఆదివాసీ రచయిత్రి జిత్కాలా-షా బడిలో తన జుట్టు బలవంతంగా కత్తిరించిన సంఘటనను చెబుతుంది. తమిళ దళిత రచయిత్రి బామ అంటరానితనం అంటే ఏమిటో బాల్యంలో తనకు తెలిసివచ్చిన తీరును చెబుతుంది. ఇద్దరూ ఉత్తమపురుషలోనే మాట్లాడతారు. రెండు ఖండాల అవమానాలు ఒకే పాఠంలో పక్కపక్కన నిలిచి ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. పదిహేడేళ్ల విద్యార్థి ఇటువంటి పాఠాన్ని ఆంగ్లంలో చదవగలిగినప్పుడు, మాతృభాషలో చదవలేడని భావించడానికి ఆధారం లేదు.

3. తరగతి గది నుంచి తొలగిన నవల:

సూటిగా మాట్లాడే సాహిత్యం తెలుగు తరగతి గదిలోకి రావడం, అక్కడి నుంచి వెళ్లిపోవడం కొత్త సంగతి కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శాసనసభలో చర్చల తరువాత 1928లో కొన్ని మార్పులతో ముద్రణకు అనుమతి దొరికింది. 1936లో మళ్లీ నిషేధం వచ్చినప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ నవలను పాఠ్యప్రణాళిక నుంచి ఉపసంహరించింది. 1937లో రాజగోపాలాచారి ప్రభుత్వం ఏర్పడిన తరువాత గాని నిషేధం తొలగలేదు. ఊరి గ్రంథాలయంలో ఒక నవల చదవడం కన్నా, పరీక్ష కోసం వందలమంది యువకులు దాన్ని చదవడం ఎక్కువ ప్రభావం చూపుతుందని ఆనాటి పాలకులకు తెలుసు.

స్వతంత్ర భారతంలో నిషేధం స్థానంలోకి ఎంపిక వచ్చింది. నిషేధం కంటికి కనిపిస్తుంది కాబట్టి చర్చకు వస్తుంది. ఎంపిక నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ఒక కవి రచనల్లో సౌమ్యమైనవి వాచకానికి, ఘాటైనవి పరిశోధన గ్రంథానికి అన్న విభజన సహజమైనదిగా చలామణి అవుతుంది. బోయి భీమన్న ఇందుకు ఒక ఉదాహరణ. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఆ కవిని ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి విద్యార్థులు ‘జానపదుని జాబు’ పాఠం ద్వారా తెలుసుకున్నారు. పల్లెటూరి శ్రమజీవి కష్టాన్ని లేఖగా చెప్పే ఆ పాఠం మంచిదే. అయితే కాలిపోతున్న గుడిసెలు ఎవరివో, నిప్పు ఎవరు పెట్టారో అడిగే కవి ఆ విద్యార్థికి అపరిచితుడిగానే మిగిలాడు.

ఈ ధోరణి బడికి మాత్రమే పరిమితం కాదు. 2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆంగ్ల ఆనర్స్ పాఠ్యప్రణాళిక నుంచి బామ, సుకీర్తరాణి రచనలను, మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథను తొలగించింది. పట్టభద్ర విద్యార్థులకే ఇవి బరువైనవన్న భావన ఉన్నచోట, పాఠశాల గురించి మాట్లాడటం అతిగా తోచవచ్చు. కానీ పదవ తరగతి తరువాత తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా చదివేవారు చాలా కొద్దిమంది. మిగిలినవారికి సాహిత్యంతో చివరి పరిచయం బడి వాచకమే. అక్కడ వినిపించని గొంతు వారికి జీవితాంతం వినిపించకపోవచ్చు.

4. ‘భాగ్యోదయం’, ‘వెట్టిమాదిగ’ - రెండు గొంతులు:

తెలంగాణ పదవ తరగతి తెలుగు వాచకంలో కృష్ణస్వామి ముదిరాజ్ రాసిన ‘భాగ్యోదయం’ పాఠం ఉంది. హైదరాబాద్ రాజ్యంలో దళితోద్యమానికి పునాది వేసిన భాగ్యరెడ్డివర్మ (1888-1939) జీవితాన్ని, సేవను అది వివరిస్తుంది. రాష్ట్రావతరణ తరువాత వాచకాల్లో వచ్చిన విలువైన చేర్పుల్లో ఇది ఒకటి. మాదరి భాగయ్యగా పుట్టిన వ్యక్తి 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మాన్యసంఘాన్ని స్థాపించడం, అణగారిన కులాల పిల్లలకు హైదరాబాద్‌లో బడులు నడపడం, జోగిని ఆచారంపై పోరాడటం ఆయన జీవితంలోని ముఖ్యఘట్టాలు. 1917లో బెజవాడలో పంచముల పేరిట తలపెట్టిన సభకు అధ్యక్షత వహించిన ఆయన ‘పంచమ’ అనే మాటను నిరాకరించి దాన్ని ఆది ఆంధ్ర మహాసభగా మార్చాడు. ఇతరులు పెట్టిన పేరును కాదని తమ పేరును తామే నిర్ణయించుకోవడం తెలుగు అస్తిత్వోద్యమాలకు ఆది ఘట్టం.

అదే భాగ్యరెడ్డివర్మ రచయిత కూడా. 1931లో ‘భాగ్యనగర్’ పత్రికలో ఆయన ‘వెట్టిమాదిగ’ అనే కథారచన చేశాడు. తెలుగులో దళితులే రాసిన తొలి కథల్లో దీన్ని పరిశోధకులు ప్రముఖంగా లెక్కిస్తారు. శీర్షికలోనే రెండు సంకెళ్లు ఉన్నాయి. ఒకటి కూలి లేని చాకిరి, రెండవది ఆ చాకిరిని పుట్టుకతోనే అంటగట్టే కులం. నిజాం కాలపు గ్రామవ్యవస్థలో ఈ రెండూ విడదీయరానివని ఆ పేరు ప్రకటిస్తుంది.

ఈ రెండు రచనలకూ కేంద్రం ఒకే మనిషి. మొదటిదాంట్లో ఆయన వస్తువు, రెండవదాంట్లో కర్త. ‘భాగ్యోదయం’ చదివిన విద్యార్థికి ఒక మహనీయుని పట్ల గౌరవం కలుగుతుంది. ఆ మహనీయుడు దేనిని ఎదిరించాడో ఆ వ్యవస్థ లోపలి నుంచి ఎలా ఉంటుందో తెలియాలంటే ‘వెట్టిమాదిగ’ కావాలి. వ్యాధి వివరం తెలియకుండా వైద్యుని పొగడ్త చదివినట్టు, అణచివేత స్వరూపం తెలియకుండా సంస్కర్త చరిత్ర చదివితే సంస్కరణ ఒక మంచి మనిషి ఔదార్యంగా మాత్రమే మిగులుతుంది. దళిత విద్యార్థికి తన చరిత్ర పరుల దయగా అందుతుంది. దళితేతర విద్యార్థికి ఆ చరిత్రతో తనకు సంబంధం లేదన్న నిశ్చింత దొరుకుతుంది. ఈ రెండు ఫలితాలూ వాచక రచయితలు కోరుకున్నవి కావు. అయినా గొంతును కాక వ్యక్తిని మాత్రమే ఎంచుకున్నప్పుడు అవి తప్పవు.

పరిష్కారం ‘భాగ్యోదయం’ పాఠాన్ని తీసివేయడంలో లేదు. దాని పక్కనే ‘వెట్టిమాదిగ’ నుంచి ఒక భాగాన్ని చేర్చడమే చేయవలసిన పని. జీవితచరిత్ర, కథ అనే రెండు ప్రక్రియలు ఒకే సత్యాన్ని ఎలా వేర్వేరుగా పట్టుకుంటాయో చెప్పడానికి ఉపాధ్యాయునికి ఇంతకన్నా అనువైన జంట దొరకదు.

5. ప్రాంతీయ భాషకు దక్కిన చోటు:

అస్తిత్వాన్ని వాచకంలోకి తేవడం సాధ్యమేనని అదే పుస్తకం నిరూపించింది. సామల సదాశివ ‘ఎవరి భాష వాళ్ళకు వినసొంపు’, పాకాల యశోదారెడ్డి ‘కొత్తబాట’ పదవ తరగతి పాఠాలు. తెలంగాణ పలుకుబడి మొరటుదన్న ఎగతాళిని దశాబ్దాలపాటు ఎదుర్కొన్న సమాజం, ఆ పలుకుబడిని వాచకంలోకి తెచ్చి గౌరవించుకుంది. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట పుస్తకంలో అచ్చై కనిపించినప్పుడు విద్యార్థికి కలిగే ఆత్మవిశ్వాసం బోధనానుభవం ఉన్నవారికి తెలిసినదే.

ఈ మార్పును సమర్థించిన వాదం మూడు మెట్లలో సాగింది. అవమానానికి గురైన భాషను దాచడం వల్ల అవమానం తొలగదు. ఆ భాషలోనే గొప్ప రచన ఉందని చూపాలి. ఆ రచనను దాన్ని మాట్లాడేవారి నుంచే తీసుకోవాలి. ‘భాష’ అన్న చోట ‘వాడ’ అని పెట్టినా ఈ మూడు మెట్లూ చెక్కుచెదరవు. ప్రాంత అస్తిత్వానికి వర్తించిన సూత్రం కుల అస్తిత్వానికి, మత అస్తిత్వానికి వర్తించదని చెప్పడానికి హేతువు కనిపించదు. పైగా తెలంగాణ పలుకుబడి కూడా ఏకరూపం కాదు. వేముల ఎల్లయ్య ‘కక్క’ (2000) నవలలోని మాదిగవాడ భాష, జూపాక సుభద్ర ‘అయ్యయ్యో దమ్మక్క’ (2009) కవితల్లోని శ్రామిక స్త్రీల భాష ఆ పలుకుబడిలోని మరిన్ని పొరలు. ప్రాంతపు భాషను ఆదరించిన వాచకం ఈ పొరల దగ్గర ఆగిపోతే ఆ ఆదరణ అసంపూర్ణం.

6. బడికి తగిన రచనలు - మూడు నమూనాలు:

సూటిగా మాట్లాడే సాహిత్యమంటే తిట్లు, రక్తపాతం నిండిన రచన మాత్రమేనన్న అపోహ ఉంది. మూడు భిన్న నమూనాలను పరిశీలిస్తే అది నిలవదు.

మొదటిది గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941). కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుడు విరహంతో మేఘాన్ని పంపుతాడు. జాషువ కావ్యంలో అరుంధతీసుతుడు ఆకలితో, అవమానంతో శివునికి గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కావ్యమంతా ఈ ఒక్క వైపరీత్యం మీద నిలిచింది. అపశకునమని మనుషులు తరిమే ప్రాణి, దేవుని చెవికి దగ్గరగా వేలాడగలిగే ఏకైక దూత అవుతుంది. సందేశకావ్య లక్షణాలను, పద్యశిల్పాన్ని, వ్యంగ్యాన్ని ఒకేచోట బోధించే అవకాశం ఇక్కడ ఉంది. అస్తిత్వ సాహిత్యంలో కళ తక్కువ, నినాదం ఎక్కువ అన్న విమర్శకు ఇదే సమాధానం. సంప్రదాయ రూపాన్ని ఆ సంప్రదాయం వెలివేసిన మనిషి చేతికి ఇవ్వడం జాషువ సాధించిన కావ్యవిజయం. శ్మశానపు పద్యాలను హరిశ్చంద్ర నాటకరంగం ఇంటింటికీ చేర్చింది. గబ్బిలపు సందేశాన్ని ఇంటింటికీ చేర్చవలసిన రంగస్థలం తరగతి గది.

రెండవది గోగు శ్యామల కథాసాహిత్యం. శ్యామల పుట్టిన పెద్దేముల్ ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలోని ఊరే. మంఖాల్ పరిసరాల విద్యార్థులకు ఆమె కథల నేల, వాన, చెరువు, మాట కొత్తవి కావు. కూతురిని జోగినిని చేయాలన్న పెత్తందారీ ఒత్తిడిని కాదని బడికి పంపిన తండ్రి గురించి, అందుకు ఆ కుటుంబం చెల్లించిన మూల్యం గురించి ఆమె ఒక కథలో చెప్పింది. బడి అనేది ఒక కుటుంబానికి ఎంత ఖరీదైన స్వప్నమో బడిలో కూర్చున్న పిల్లలకు చెప్పే కథ అది. భాగ్యరెడ్డివర్మ పోరాడిన జోగిని ఆచారమే ఇక్కడ ఇంటి లోపలి నుంచి కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో తెచ్చిన బాలల పుస్తకాల్లో శ్యామల కథలూ ఉన్నాయి. పిల్లల కోసం ఈ వస్తువుతో రాయడం, బొమ్మలతో ముద్రించడం సాధ్యమేనని ఆ ప్రయత్నం చూపింది.

మూడవది మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ (1999). నెల్లూరు జిల్లా కావలిలోని ముస్లిం కుటుంబపు బాల్యాన్ని నవ్వుతూ చెప్పే కథలివి. వీటిలో పేదరికం ఉంది, వేరుగా చూసే చూపు ఉంది, దానితోపాటు అల్లరి, తిండి, అమ్మానాన్నల ప్రేమ ఉన్నాయి. అస్తిత్వమంటే గాయం ఒక్కటే కాదు. అది ఒక సంపూర్ణ జీవితం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) వంటి తీవ్రమైన కావ్యాన్ని పై తరగతులకు ఉంచి, కింది తరగతులకు ఇటువంటి కథలతో మొదలుపెట్టడం యుక్తం. ఉర్దూ ఇంటిభాషగా ఉన్న విద్యార్థికి తెలుగు వాచకం తనది కూడా అన్న భావన ఇక్కడే మొలకెత్తుతుంది.

7. అభ్యంతరాలు - పరిశీలన:

మొదటి అభ్యంతరం వయసుకు సంబంధించినది. తెలియని పిల్లలకు కులాన్ని పుస్తకమే నేర్పినట్టవుతుందని కొందరి భయం. కులం పిల్లలకు తెలియదన్న ఊహ మీద ఈ వాదం నిలుస్తుంది. ఇంటిపేరు అడగడంలో, వాడల ఎడంలో, ఎవరి ఇంట్లో నీళ్లు తాగవచ్చో చెప్పే పెద్దల హెచ్చరికలో పిల్లలు కులాన్ని నేర్చుకుంటూనే ఉంటారు. బడి మౌనంగా ఉంటే ఆ అనధికార పాఠం ఒక్కటే మిగులుతుంది. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తరువాత ఉన్నత విద్యాసంస్థల్లోని వివక్షపై దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. విశ్వవిద్యాలయానికి వచ్చేవారంతా పన్నెండేళ్ల బడి చదువు దాటి వచ్చినవారే. ఆ పన్నెండేళ్లలో ఈ విషయమై ఒక్క నిజాయితీ గల సంభాషణ కూడా జరగకపోతే, తరువాత చేసే నియమావళులు ఎంతవరకు పనిచేస్తాయన్నది ఆలోచించవలసినది.

రెండవది పదాలకు సంబంధించినది. అస్తిత్వ రచనల్లో కులం పేర్లు, దూషణలు యథాతథంగా వస్తాయి. కులం పేరుతో బహిరంగంగా దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మరి తరగతిలో వాటిని ఎలా చదవాలి? అమెరికాలోనూ ఇదే సమస్య తలెత్తింది. మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’లోని జాతిదూషణ పదాన్ని తీసివేసి ‘బానిస’ అన్న మాటతో 2011లో ఒక ప్రచురణ వచ్చింది. దూషణను చెరిపేస్తే దాన్ని వాడిన సమాజపు నేరం కూడా చెరిగిపోతుందన్న విమర్శ దానికి ఎదురైంది. తెలుగులో పరిస్థితి మరింత సంక్లిష్టం. ‘మాదిగ’, ‘మాల’ అన్న మాటలు దూషకుని నోట తిట్టు. ఆ కులాల రచయితల కలంలో ఆత్మగౌరవ ప్రకటన. భాగ్యరెడ్డివర్మ తన రచన శీర్షికలోనే ఆ పేరు పెట్టుకున్నాడు. ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’ను మాదిగ కథలుగానే ప్రకటించాడు. ఒకే పదం వక్తను బట్టి, సందర్భాన్ని బట్టి అర్థం మార్చుకోవడం భాషాబోధనలో ప్రధానాంశం. కాబట్టి ఇది దాటవేయవలసిన ఇబ్బంది కాదు, బోధించవలసిన పాఠం. తిట్టుగా వచ్చిన చోట బిగ్గరగా చదివించకుండా మౌనపఠనానికి వదిలే వివేకం ఉపాధ్యాయునికి ఉండాలి.

మూడవ అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది, అది దళిత విద్యార్థి వైపు నుంచి వస్తుంది. అవమానం గురించిన పాఠం మొదలవగానే తరగతిలోని చూపులన్నీ ఒకరిద్దరి వైపు తిరుగుతాయి. విముక్తి కోసం రాసిన రచన ఆ క్షణంలో శిక్షగా మారుతుంది. ఈ ప్రమాదం వాస్తవం. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండవ తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలోని అంబేడ్కర్ వ్యంగ్యచిత్రంపై వచ్చిన నిరసన దీన్నే గుర్తుచేస్తుంది. విమర్శనాత్మక దృష్టితో చేర్చిన చిత్రమే అయినా, దాన్ని చూసి నవ్వే తరగతిలో కూర్చోవలసిన విద్యార్థి పరిస్థితి పుస్తకకర్తల లెక్కలోకి రాలేదన్న విమర్శ బలంగా వినిపించింది. చివరకు ఆ చిత్రాన్ని తొలగించవలసి వచ్చింది. పాఠం మంచిదైతే చాలదు, అది ఎవరి ముందు ఎలా తెరుచుకుంటుందన్నది కూడా ముఖ్యం. అయితే దీనికి మౌనం మందు కాదు. మౌనంలోనూ ఆ చూపులు ఉంటాయి. వాటిని ప్రశ్నించే అవకాశం మాత్రం ఉండదు.

8. బోధనక్రమం:

పై చర్చ నుంచి కొన్ని ఆచరణసూత్రాలు తేలుతాయి. మొదటిది క్రమం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో జీవితోత్సాహం, ఆత్మగౌరవం ప్రధానమైన బాల్యకథలు, తొమ్మిది, పది తరగతుల్లో ‘గబ్బిలం’, ‘వెట్టిమాదిగ’, ఇంటర్మీడియట్‌లో 1985 నాటి కారంచేడు, 1991 నాటి చుండూరు ఘటనల తరువాత ఉద్ధృతమై ‘చిక్కనవుతున్న పాట’ (1995) వంటి సంకలనాలుగా వెలువడిన కవిత్వం ఉండటం సమంజసం. అస్తిత్వ సాహిత్యంతో విద్యార్థి తొలి పరిచయం ఓడిపోయిన మనిషితో కాక ఎదురు నిలిచిన మనిషితో జరగాలి.

రెండవది అభ్యాసాలు. 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళికా పరిధి పత్రం తరువాత వచ్చిన వాచకాల్లో ‘అవగాహన - ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అనే విభాగాలు ఉన్నాయి. గొప్ప పాఠాన్ని కూడా నీతివాక్యంగా కుదించే శక్తి ఈ విభాగాల్లోని ప్రశ్నలకు ఉంది. ‘అంటరానితనం ఎందుకు తప్పు?’ అన్న ప్రశ్నకు విద్యార్థి చదవకుండానే జవాబు రాయగలడు. ‘కవి దూతగా హంసను కాక గబ్బిలాన్ని ఎందుకు ఎంచుకున్నాడు?’ అన్న ప్రశ్నకు కావ్యంలోకి వెళ్లక తప్పదు. ప్రశ్న రచన మీద ఉండాలి, విద్యార్థి పుట్టుక మీద కాదు. ‘మీ అనుభవం రాయండి’ అన్న అభ్యాసం ఈ పాఠాల్లో ఎప్పుడూ ఐచ్ఛికంగానే ఉండాలి. ఏ విద్యార్థీ తన గాయాన్ని మార్కుల కోసం విప్పి చూపవలసిన పరిస్థితి రాకూడదు.

మూడవది ఉపాధ్యాయ శిక్షణ. కులం పేరు ఉచ్చరించడానికి ఇబ్బందిపడే ఉపాధ్యాయుడు ఈ పాఠాలను సారాంశం చెప్పి దాటవేస్తాడు. పరిశోధనలో ఈ సాహిత్యంపై ఎన్నో సిద్ధాంత గ్రంథాలు వెలువడ్డాయి. వాటి ఫలితాలు భాషాపండిత శిక్షణలోకి, ఉపాధ్యాయ కరదీపికల్లోకి రావలసి ఉంది. ఈ పనికి విశ్వవిద్యాలయ తెలుగు శాఖలే తగినవి.

9. ముగింపు:

- వాచకాలు కులవివక్షను పరోక్షంగా, సంస్కర్తల జీవితచరిత్రల ద్వారా చెబుతున్నాయి. బాధితులే కర్తలుగా ఉన్న రచనలకు వాటిలో దక్కిన చోటు పరిమితం.

- జాతివివక్షా సాహిత్యం పోలికకు ఉపకరిస్తుంది గాని, కులవివక్షా సాహిత్యానికి ప్రత్యామ్నాయం కాదు. రెండింటినీ పక్కపక్కన ఉంచి బోధించవచ్చు.

- తెలంగాణ వాచకం ప్రాంతీయ భాషాస్తిత్వాన్ని గౌరవించిన సూత్రాన్ని కుల, మత అస్తిత్వాలకు విస్తరించడం ఆ సూత్రానికి సహజమైన కొనసాగింపు.

- దళిత విద్యార్థి తరగతిలో ఒంటరి కాకుండా చూడటం ఈ బోధనకు తొలి షరతు. రచనల క్రమం, ప్రశ్నల స్వభావం, ఉపాధ్యాయ శిక్షణ ఆ షరతును నెరవేర్చే సాధనాలు.

మంఖాల్ పొరుగునున్న విమానాశ్రయం నుంచి ఏటా ఎందరో తెలుగు విద్యార్థులు అమెరికాకు వెళ్తున్నారు. అక్కడ రంగు కారణంగా తాము ఎదుర్కొనే చూపును వారు వివక్షగా వెంటనే గుర్తిస్తారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేసింది. సముద్రం దాటినా కులం వెంట వస్తుందని ఆ శాసనం తెలియజేస్తోంది. తనకు జరిగిన అన్యాయాన్ని గుర్తించడం ఎవరికైనా సులభమే. తన వాడ, తన ఇల్లు ఇతరులకు చేసిన అన్యాయాన్ని గుర్తించడానికి మాత్రం చదువు కావాలి. భాగ్యరెడ్డివర్మ 1931లోనే ఆ చదువుకు ఒక పాఠం రాసిపెట్టాడు. ఆయన చిత్తరువును, జీవితాన్ని స్వీకరించిన వాచకం ఆ పాఠాన్ని కూడా స్వీకరించవలసి ఉంది.